ఏడాదికి 14,000 కట్టి ఒక పాప చదువు: కర్నూలులో ఒక పిల్లల హోమ్ స్పాన్సర్‌షిప్ గురించి నా రివ్యూ

హోమ్ పేరు నేను రాయడం లేదు. తిట్టడానికి భయపడి కాదు, పొగడడానికి మొహమాటపడీ కాదు. హోమ్ ఏదో, పాప ఏ తరగతో, ఏ బడో మూడూ చెబితే ఆ పాప ఎవరో కర్నూలులో సగం మందికి తెలిసిపోతుంది. 2015 జువెనైల్ జస్టిస్ చట్టంలో 74వ సెక్షన్ ఒకటుంది. సంరక్షణలో ఉన్న పిల్లల పేరు, చిరునామా, బడి, ఫొటో బయటపెడితే ఆరు నెలల దాకా జైలు, లేకపోతే రెండు లక్షల దాకా జరిమానా, లేకపోతే రెండూ. పేరు లేని రివ్యూ దేనికి అంటారేమో. ఏ హోమ్‌కి వెళ్లినా ఏం అడగాలో, ఏది చూస్తే నమ్మొచ్చో, ఏది చూస్తే లేచి వచ్చేయాలో తెలిస్తే చాలు కదా, అందుకు.

నేను ఒక ఆడిటర్ గారి ఆఫీసులో అకౌంట్స్ చూస్తాను. పెళ్లి కాకముందు నుంచీ అదే పని. ట్రస్టులు, సొసైటీల ఫైళ్లు నా టేబుల్ మీదికి వస్తూనే ఉంటాయి. దానం గురించి వేదాంతం నాకు రాదు. వోచర్ ఉందా, దాని వెనక బిల్లు ఉందా, బిల్లు మీద తేదీ ఉందా, అంతవరకే నాకు తెలిసింది. మా అబ్బాయి బీటెక్ అయిపోయి బెంగళూరులో ఉద్యోగంలో చేరాక, వాడి ఫీజు కోసం నెలనెలా పక్కన పెట్టే డబ్బు అలాగే మిగలడం మొదలైంది. దాన్ని ఇంకో పిల్ల చదువుకే పెడదామని నేనూ మా ఆయనా అనుకున్నాం. ఈ హోమ్ మా ఆఫీసు క్లయింటు కాదు. చేరే ముందు చూసుకున్న మొదటి సంగతి అదే.

స్కీము ఇదీ. బడి పిల్లలకు ఏడాదికి 14,000. ఇంటర్, పాలిటెక్నిక్ వాళ్లకు 32,000. ఒకేసారి కట్టొచ్చు, మూడు నెలలకోసారి కట్టొచ్చు. నగదు మాత్రం తీసుకోరు. చెక్కు, బ్యాంకు ట్రాన్స్‌ఫర్, యూపీఐ, ఇవే. ఆఫీసు గది బయట బోర్డు మీద కూడా అదే రాసి ఉంది. ఆ బోర్డు చూడగానే నాకు సగం నమ్మకం కుదిరింది. ఎందుకంటే రెండు వేలు దాటిన నగదు విరాళానికి ఆదాయపు పన్నులో 80జీ మినహాయింపు రాదు, తెలిసి తెలిసీ నగదు అడిగే చోట రసీదు పుస్తకాలు రెండుంటాయని నా అనుభవం.

80జీ మాట వచ్చింది కాబట్టి చెప్పేస్తాను. చాలామంది అనుకుంటున్నట్టు ఇచ్చిందంతా పన్నులో తగ్గదు. ఇలాంటి సంస్థలకు ఇచ్చినదాంట్లో సగానికే మినహాయింపు, దానికీ మీ ఆదాయాన్ని బట్టి ఒక పరిమితి ఉంటుంది. కొత్త పన్ను విధానంలో రిటర్న్ వేసేవాళ్లకు రూపాయి కూడా తగ్గదు. బియ్యం బస్తాలు, నోటుబుక్కులు ఇచ్చి రసీదు పట్టుకుని ప్రతి మార్చిలో మా ఆఫీసుకు వచ్చేవాళ్లున్నారు. వస్తువుల రూపంలో ఇచ్చేదానికి ఇది వర్తించదని చెబితే ముఖం మాడ్చుకుంటారు. పన్ను కోసమే అయితే ఈ పని పెట్టుకోవద్దు, అంతే.

దీనికంటే ముందు ఇంకో చోట అడిగాను. ఫోన్ పెట్టేసిన పది నిమిషాల్లో వాట్సాప్‌లో ఫొటోలు వరసగా వచ్చాయి. పలకలు పట్టుకున్న పాపలు, కింద పేరు, వయసు, "తండ్రి లేడు", "తల్లి లేదు". చీరల షాపు గ్రూపులో కొత్త స్టాకు వచ్చినప్పుడు పెడతారే, అట్లా. "చూసి ఏ పాప కావాలో చెప్పండి మేడమ్, చురుకైన పిల్లలు తొందరగా అయిపోతారు" అని వాయిస్ మెసేజ్ కూడా. అయిపోవడమేమిటి! వాళ్లదే ఒక కరపత్రం కూడా పంపారు. అందులో "పదో తరగతి పరీక్ష ఫీజు: ఒక్కొక్కరికి 2,500" అని ఉంది. మన రాష్ట్రంలో పదో తరగతి రెగ్యులర్ విద్యార్థికి పబ్లిక్ పరీక్ష ఫీజు 125 రూపాయలు. మిగతా 2,375 ఎక్కడ పరీక్ష రాస్తుందో వాళ్లకే తెలియాలి. ఆ నంబరు బ్లాక్ చేశాను.

ఇప్పుడు నేను చేరిన హోమ్. ఊరి చివర, మెయిన్ రోడ్డు నుంచి కొంచెం లోపలికి. రెండంతస్తుల మిద్దె, ముందు రేకుల షెడ్డు, షెడ్డు కింద బెంచీలు. ఆఫీసు గదిలో కుర్చీకి ఎదురుగా, వచ్చినవాళ్లకు కనబడేట్టు, రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ ఫ్రేము కట్టి పెట్టారు. అదే చట్టంలో 41వ సెక్షన్ కింద పిల్లల్ని ఉంచుకునే ప్రతి సంస్థా రిజిస్టర్ కావాలి, అది అయిదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవాలి. రిజిస్ట్రేషన్ లేకుండా నడిపితే ఏడాది దాకా జైలు, లేకపోతే లక్షకు తగ్గని జరిమానా, లేకపోతే రెండూ. కాబట్టి ఫ్రేము ఉందని ఊరుకోకుండా అద్దం దగ్గరికి వెళ్లి తేదీ చదవండి. ఎంతమంది పిల్లలకు అనుమతి ఉందో కూడా అడగండి. సొసైటీ రిజిస్ట్రేషన్ కాగితం చూపించి "ఇదేనండీ గవర్నమెంటు పర్మిషన్" అనే వాళ్లుంటారు. ఆ కాగితం సొసైటీ ఉందని మాత్రమే చెబుతుంది, పిల్లల్ని ఉంచుకోవచ్చని చెప్పదు.

ఇంకో ప్రశ్న: ప్రతి పిల్లకూ బాలల సంక్షేమ సమితి ఉత్తర్వు ఉందా? సమితి అంటే ఒక ఛైర్‌పర్సన్, నలుగురు సభ్యులు. హోమ్‌కి వచ్చిన ఏ పిల్లనైనా 24 గంటల్లోపు వాళ్ల ముందు హాజరు పరచాలి. హోమ్‌లో పెట్టాలా, బంధువుల దగ్గరికి పంపాలా అని తేల్చేది వాళ్లే. ఉత్తర్వులు మనకు చూపించకూడదు, చూపించనూ లేదు. "అందరికీ ఉన్నాయి మేడమ్, ఫైలు మాత్రం మీకు తెరవం" అంది వార్డెన్. పిల్లలు ఆమెను పెద్దక్క అంటారు. నేను అడిగిన ప్రశ్నకు తెరవం అనే జవాబే సరైనదని ఆమెకు తెలిసినట్టుంది. ఒక్క క్షణం కూడా తటపటాయించలేదు.

స్పాన్సర్ ఫారం ఒక్క పేజీ. పాన్, అడ్రసు, ఫోను. ఆల్బమ్ లేదు, ఎంచుకోవడం లేదు. పెద్దక్క మాటల్లోనే: "మీ పాప, మా పాప అని ఏం ఉండదు మేడమ్. ఒక నంబరు ఇస్తాం. ఆ నంబరు పాప ఎవరో మీకు చెప్పం, మీరెవరో ఆ పాపకు చెప్పం. ఆర్నెల్లకోసారి చదువు ఎట్లుందో కాగితం వస్తుంది. చూడల్లంటే రండి, అందరు పిల్లల్నీ చూడండి."

ఈ సంగతి ఇంట్లో చెబితే మా బావగారికి నచ్చలేదు. "ఇదేం పద్ధతమ్మా, డబ్బులిచ్చి మొహం గూడా చూడగూడదా? రేపు ఆ పాప పెద్దదై మనల్ని గుర్తుపెట్టుకోవద్దా?" అన్నారు. బావగారు ఆయన మనవడి స్కూల్ ఫీజు ఏటేటా కడతారు. వాడు గుర్తుపెట్టుకోవాలని ఎప్పుడూ అన్నట్టు నేను వినలేదు. సొంత పిల్లకు లేని బాకీ ఈ పాపకు మాత్రం ఎందుకు ఉండాలి? ఆయన ముందు అనలేదు, పెద్దాయన. ఇక్కడ రాస్తున్నాను.

నా మటుకు నాకు ఈ హోమ్‌లో అన్నిటికంటే నచ్చింది వాళ్లు "కుదరదు" అనే పద్ధతే. సాయంత్రం అయిదు నుంచి ఎనిమిది దాకా బయటివాళ్లెవరూ లోపలికి రాకూడదు, అది చదువుకునే టైము. ఫిబ్రవరి, మార్చిలో సందర్శనలే లేవు. పుట్టినరోజు కేకు పిల్లలతో కట్ చేయించి వీడియో తీసుకోవడం ఎప్పుడూ కుదరదు. భోజనం పెట్టించాలనుకుంటే డబ్బు కట్టి వెళ్లండి, ఏ రోజు ఏం వండాలో వాళ్లు చూసుకుంటారు. ఈ రూల్స్‌కి చాలామంది దాతలు అలిగి వెళ్లిపోయారట. అలగరా మరి! ఆగస్టు 15కి, వాళ్ల నాన్న సంవత్సరీకానికి, కూతురి ఫస్ట్ బర్త్‌డేకి బిరియానీ పట్టుకొచ్చి, పిల్లల్ని వరసలో కూర్చోబెట్టి ఫొటో దిగడం మన ఊళ్లో అలవాటైపోయింది. ఒకే ఆదివారం మూడు బిరియానీలు వచ్చిన రోజులుండేవట. "తిని తిని కడుపునొప్పులు, సోమవారం బడికి సగం మంది పోయేటోళ్లు కాదు" అంది పెద్దక్క. బిరియానీ పెట్టేవాళ్లు దొరుకుతారు, ట్యూషన్ టీచర్ జీతం ఇచ్చేవాళ్లు దొరకరు. ఈ స్కీము పుట్టిందే ఆ తేడా పూడ్చడానికి.

సరే, డబ్బు ఎటు పోతుంది? ఇది నా అసలు సబ్జెక్టు. పిల్లలు చదివేది ప్రభుత్వ బడిలో. ఫీజు లేదు. పాఠ్యపుస్తకాలు, నోటుబుక్కులు, యూనిఫాం గుడ్డ, బూట్లు, బ్యాగు ప్రభుత్వ కిట్టులో వస్తాయి, మధ్యాహ్నం అన్నం బడిలోనే. మరి 14,000 దేనికి అని నేను కూడా అడిగాను. ఏడాది చివర వాళ్లిచ్చిన ఖర్చుల కాగితం చదివాక అర్థమైంది. అందులో పెద్ద భాగం సాయంత్రం వచ్చే ఇద్దరు టీచర్లకు, ఒకరు లెక్కలు సైన్సుకు, ఒకరు ఇంగ్లిషుకు. తర్వాత పద్దు నేను ఎక్కడా చూడనిది: కుట్టుకూలి. కిట్టులో వచ్చేది గుడ్డే కదా. ఇంట్లో అమ్మ ఉన్న పిల్లకు అమ్మ టైలర్ దగ్గరికి తీసుకెళ్తుంది. ఇక్కడ టైలర్‌నే హోమ్‌కి పిలిచి, కొలతలు తీయించి, అందరివీ ఒకేసారి కుట్టిస్తారు. బిల్లు మీద ఎన్ని జతలు, జతకు ఎంత అని రాసి ఉంది. ఆ తర్వాత కళ్లజోడు, పళ్ల డాక్టరు, జామెట్రీ బాక్సు, తొమ్మిది పది తరగతుల వాళ్లకు గైడ్లు, సైన్స్ ఫెయిర్‌కి థర్మాకోల్. థర్మాకోల్ బిల్లు కూడా పెట్టారంటే వాళ్ల అకౌంటెంట్ ఎవరో నాకు ఒకసారి కలవాలని ఉంది.

కానీ ఆ కాగితంలో నేను చాలాసేపు చూసిన పద్దు "సర్టిఫికెట్లు, ప్రయాణం". మొత్తం చూస్తే చిన్నదే. కింద జత చేసిన వోచర్లు మాత్రం బోలెడు. ఆటో ఛార్జి 140. జిరాక్స్ 36. ఫొటోలు 80. మళ్లీ ఆటో. మళ్లీ ఆటో. ఇన్ని ఆటోలేంటి అని ఫోన్ చేసి అడిగాను. పెద్దక్క చెప్పింది వింటే, తల్లిదండ్రులు లేని పిల్లకు చదువులో వచ్చే అసలు కష్టం ఎక్కడుందో తెలిసింది. ఉదాహరణకు ఒక పాప పేరు బడి రిజిస్టర్లో ఒక రకంగా, ఆధార్‌లో ఇంకో రకంగా ఉంది. బడిలో ఇంటిపేరు ముందు, ఆధార్‌లో అసలు ఇంటిపేరే లేదు. ఇప్పుడు ప్రతి విద్యార్థికీ అపార్ నంబరు, అంటే చదువుల రికార్డుకు ఒక శాశ్వత ఐడీ అంటున్నారు, రెండింట్లో పేరు కలవకపోతే అది రాదు. మన పిల్లలకైతే నాన్నో అమ్మో ఒక పూట సెలవు పెట్టి సచివాలయానికో ఆధార్ సెంటర్‌కో వెళ్లి కూర్చుంటారు. ఈ పాపకు పుట్టిన సర్టిఫికెట్ లేదు, తండ్రి ఆధార్ లేదు, రేషన్ కార్డులో పేరు లేదు. హోమ్ వార్డెన్ ఇచ్చే ధ్రువపత్రం ఆధార్‌కు చిరునామా రుజువుగా చెల్లుతుంది. కౌంటర్లో కూర్చున్న అబ్బాయికి అది తెలియదు. పెద్దక్క ఆ రూలు ప్రింటు తీసి పర్సులో పెట్టుకుని తిరుగుతుంది. పిల్లలకు అయిదేళ్లప్పుడు ఒకసారి, పదిహేనేళ్లప్పుడు ఒకసారి ఆధార్‌కు వేలిముద్రలు ఇవ్వాలి. అంటే సరిగ్గా పదో తరగతి హడావుడిలో ఇదొక పని.

కుల ధ్రువీకరణ ఇంకా కష్టం. దానికి తండ్రి వైపు కాగితాలు అడుగుతారు. తండ్రి ఎవరో తెలియని పిల్ల, తెలిసినా ఊళ్లో పలికేవాళ్లు లేని పిల్ల ఏం తెచ్చిస్తుంది? ఆ కాగితం లేకపోతే రేపు ఇంటర్ అయ్యాక ఫీజు రీయింబర్స్‌మెంటుకూ, రిజర్వేషన్ సీటుకూ అడ్డం. ఎమ్మార్వో ఆఫీసు చుట్టూ తిరిగి, పిల్ల పుట్టిన ఊరు వెళ్లి, అక్కడ పెద్దమనుషులతో చెప్పించి, రిపోర్టు రాయించుకుని రావాలి. 2009 అక్టోబర్ వరదలో కర్నూలు పాతబస్తీ మునిగినప్పుడు ఎంతమంది కాగితాలు కొట్టుకుపోయాయో మాకు తెలుసు. బతికున్న అమ్మానాన్నలకే ఆ కాగితాలు మళ్లీ పుట్టించుకోవడానికి ఏళ్లు పట్టింది. ఇక్కడ ఒక్క వార్డెన్ ఇంతమంది పిల్లలకు ఆ పని చేస్తోంది. దాతల కరపత్రాల్లో "ఒక చిన్నారి సర్టిఫికెట్ల కోసం ఆటో ఛార్జి ఇవ్వండి" అని ఎవరూ వేయరు. వేస్తే నేను దానికే ఇస్తాను.

పరిపాలన ఖర్చు కింద 11 శాతం తీసుకున్నారు. నాతో పాటు చేరిన మా ఆఫీసు కొలీగ్ దీనికి గొడవపెట్టుకున్నాడు, "ప్రతి పైసా పిల్లలకే చేరాలి" అని. చేరాలి, నిజమే. ఆ పైసా చేరిందో లేదో రాసేవాడికి జీతం ఎవరిస్తారు? నా పొట్టకూటి పని కాబట్టి వెనకేసుకొస్తున్నానని అనుకోకండి. సున్నా శాతం ఖర్చు చూపించే సంస్థల ఫైళ్లు నేను చూశాను, అందులో డ్రైవర్ జీతం "పిల్లల పోషకాహారం"లో ఉంటుంది.

ఇంకో సంగతి చేరే ముందు తెలుసుకోవాలి. నంబరు ఒక పాపదే అయినా డబ్బు ఒక పాపది కాదు. అందరిదీ ఒక నిధిలో వేసి అందరికీ ఖర్చు పెడతారు. రిపోర్టు మాత్రం ఆ పాపది వస్తుంది. కొంతమందికి ఇది మోసంలా అనిపిస్తుంది. నాకు అనిపించలేదు, ఎందుకంటే మా అమ్మగారి ఊరు గుంతకల్లు వైపు. అనంతపురం జిల్లాలో విన్సెంట్ ఫెర్రర్ 1969లో మొదలుపెట్టిన ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు) గురించి అక్కడ చిన్నపిల్లలకు కూడా తెలుసు. మా ఊళ్లో పిల్లలు స్పెయిన్‌లో ఉన్న ఎవరికో బొమ్మలు వేసి, ఉత్తరాలు రాసి పంపేవాళ్లు. అక్కడి దాత ఒక పిల్ల పేరు మీద ఇచ్చిన డబ్బు ఆ పిల్ల చేతికి రాదు, ఊరికి వస్తుంది. బడి, నీళ్లు, ఇళ్లు, ఆసుపత్రి. స్పాన్సర్ ఉన్న పిల్ల, లేని పిల్ల అనే తేడా లేకుండా ఉండాలంటే ఇంకో దారి లేదు. దాత మధ్యలో మానేస్తే ఆ ఒక్క పిల్ల ట్యూషన్ ఆగిపోకూడదు కదా.

ఇక ఫిర్యాదులు. చిన్నవి ముందు.

రిపోర్టు ఆర్నెల్లకోసారి అన్నారు, రెండోది నేను ఫోన్ చేస్తే గానీ రాలేదు. వచ్చినదాంట్లో మార్కులు, హాజరు, ఎత్తు, బరువు బాగానే ఉన్నాయి. లెక్కల్లో 50కి 19 నుంచి 27కి వచ్చింది, సంతోషం. కానీ కింద టీచర్ రిమార్కు "మంచి పిల్ల, చక్కగా చదువుతోంది". మా కొలీగ్‌కు వచ్చిన కాగితం మీద కూడా అక్షరం పొల్లు పోకుండా అదే. 19 మార్కులప్పుడూ అదే, 27 అప్పుడూ అదే. రాయడానికి ఏమీ లేకపోతే ఖాళీగా వదిలేయడం మేలు.

దీపావళికి ఒక ఉత్తరం వచ్చింది, ఇంగ్లిషులో. "డియర్ అంకుల్ అండ్ ఆంటీ" అని మొదలై, మా చదువు మీ వల్లే సాగుతోంది అనే అర్థంతో ముగిసింది. బోర్డు మీద రాసిచ్చింది చూసి ఎక్కించారని దస్తూరీ చూస్తేనే తెలుస్తోంది. ఫొటోలు వద్దని అంత గట్టిగా ఉన్న హోమ్ ఈ కృతజ్ఞత కాపీరైటింగ్ ఎందుకు చేయిస్తుందో అర్థం కాలేదు. పాపకు రాయాలనిపిస్తే తెలుగులో రెండు ముక్కలు రాయనివ్వండి, అనిపించకపోతే ఆ అరగంట ఆడుకోనివ్వండి అని మెయిల్ పెట్టాను. దానికి జవాబు రాలేదు.

పన్ను కోసం ఇచ్చే విరాళం సర్టిఫికెట్‌లో నా పాన్ నంబరు ఒక అక్షరం తప్పు పడింది. హోమ్ వాళ్లు వాళ్ల విరాళాల స్టేట్‌మెంట్ సవరించి మళ్లీ వేస్తే గానీ అది సరికాదు. నాకు ఈ పని తెలుసు కాబట్టి వెంటపడి చేయించుకున్నాను. తెలియనివాళ్లు మే నెలాఖరుకు సర్టిఫికెట్ చేతికి రాగానే పాన్, పేరు, మొత్తం మూడూ సరిచూసుకోండి.

పెద్ద విషయాలు రెండు. మొదటిది హోమ్ తప్పు కాదు, స్పాన్సర్ అయ్యేవాళ్లు ఆలోచించాల్సింది. "అనాథ పిల్లల చదువు" అని కరపత్రంలో ఉంటుంది కానీ, ఎవరూ లేని పిల్లలు ఈ హోమ్‌లో తక్కువ. ఎక్కువమందికి తల్లో, అవ్వో ఉంది. కోసిగి, మంత్రాలయం, ఆదోని వైపు నుంచి జనం మిరపకాయలకు, పత్తి తీయడానికి గుంటూరు దిక్కు సుగ్గికి, అంటే కూలి వలసకు, పోతారు. భర్త పోయిన ఆడమనిషి సుగ్గికి పోతే పిల్లను ఎక్కడ వదలాలి? అలా వచ్చిన పిల్లలు. చట్టం ప్రకారం హోమ్ అనేది ఆఖరి దారి, ఇంకే దారీ లేనప్పుడే. అలాంటి తల్లికి, మనవల్ని సాకే అవ్వకు కేంద్రం మిషన్ వాత్సల్య కింద పిల్లకు నెలకు 4,000 స్పాన్సర్‌షిప్ ఉంది. ఏటా ఆదాయం పల్లెల్లో 72,000, పట్టణాల్లో 96,000 లోపు ఉండాలి. జిల్లా బాలల సంరక్షణ విభాగంలో దరఖాస్తు ఇవ్వాలి. ఈ మాట మీ ఇంట్లో పనిచేసే ఆవిడకు, మీ వీధి చివర టీ బంకు అవ్వకు చెప్పండి. కోవిడ్‌లో అమ్మానాన్న ఇద్దరూ పోయిన పిల్లలకు పది లక్షల డిపాజిట్లు వచ్చాయి, మంచిదే. లారీ గుద్ది పోయినవాళ్ల పిల్లలకు అలాంటిదేం లేదు, వాళ్లకు ఈ నాలుగు వేలే దిక్కు. మా పనిమనిషి అక్క మనవడి దరఖాస్తు నేనే నింపిచ్చాను. నా 14,000 కంటే ఆ ఫారం ఎక్కువ పని చేస్తుందనుకుంటున్నాను. అవ్వ ఇంట్లోనే ఉండి, అదే బడికి పోతాడు వాడు.

రెండోది, నేను మార్కులు తగ్గించేది ఇక్కడే. పద్దెనిమిది నిండాక ఏమిటి?

బాగా చదివే పిల్ల సంగతి కొంతవరకు నడుస్తుంది. ఈ హోమ్ నుంచి ఒక అమ్మాయికి ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలో సీటొచ్చింది. పదో తరగతి మార్కులతోనే సీటు, ప్రభుత్వ బడి పిల్లలకు అదనంగా కొంత కలుపుతారు, ఆరేళ్ల చదువు, హాస్టల్ అక్కడే. ఆఫీసు గదిలో ఆ సంగతి గర్వంగా చెప్పారు, చెప్పాల్సిందే. కానీ సెలవులకు హాస్టల్ ఖాళీ చేయమన్నప్పుడు ఆ అమ్మాయి ఎక్కడికి వెళ్లింది అని అడిగాను. పద్దెనిమిది దాటినవాళ్లను చిన్నపిల్లల హోమ్‌లో ఉంచడానికి వీల్లేదు. పెద్దక్క కొంచెం ఆగి, "మా చెల్లెలింట్లో పెట్టినా మేడమ్, నంద్యాలలో" అంది. ఫస్టొచ్చిన పిల్లకే వార్డెన్ చెల్లెలిల్లు ఆధారం. 50కి 27 తెచ్చుకునే పిల్ల, ఇంటర్‌లో ఒక సబ్జెక్టు పోయిన పిల్ల, ఏ హాస్టల్ సీటూ రాని పిల్ల, పుట్టినరోజు నాడు పెట్టె సర్దుకుని ఎటు పోవాలి?

చట్టంలో దీనికి దారి ఉంది. హోమ్ నుంచి బయటికి వచ్చినవాళ్లకు 21 ఏళ్లు వచ్చేదాకా ఆఫ్టర్‌కేర్ అని సాయం ఇవ్వొచ్చు. మిషన్ వాత్సల్యలో దానికీ డబ్బుంది. కానీ ఒకరు వెంటపడి ఫైలు కదపాలి, గది చూసిపెట్టాలి, ఓటరు కార్డు, బ్యాంకు ఖాతా, పెళ్లి సంబంధమని చెప్పి వచ్చే దూరపు బంధువుల నుంచి కాపలా, అన్నీ ఎవరో ఒకరు చూడాలి. ఈ హోమ్ ఖర్చుల కాగితంలో ఆ పద్దే లేదు. పదో తరగతి ఫలితాల రోజు దాకా ఎంత లెక్కగా ఉన్నారో, ఆ తర్వాత అంతా "చూస్తాం మేడమ్" మీదే నడుస్తోంది. మనం కట్టే 14,000 అంతా ఒక పిల్లను పద్దెనిమిదో ఏట వరకు తీసుకురావడానికే అయితే, కట్టడం దండగ అనను గానీ, సగం పనే.

అయిదుకు మూడున్నర ఇస్తాను. కాగితాలు, కట్టుబాట్లు, పిల్లల గోప్యత, సాయంత్రం చదువు, వీటికి నాలుగున్నర ఇవ్వొచ్చు. పద్దెనిమిది తర్వాత సంగతికి ఒకటి కోశాను. ఆ ఇంగ్లిషు ఉత్తరం లెక్క వేరే కోయలేదు.

ఎవరికి సరిపోతుంది అంటే, ఫొటో అక్కర్లేనివాళ్లకు, పాప ఎవరో తెలియకపోయినా నిద్రపట్టేవాళ్లకు. పిల్లతో బంధం కావాలి, పండక్కి ఇంటికి తెచ్చుకోవాలి అనుకునేవాళ్లు ఇక్కడికి రావద్దు. దానికి దత్తత, ఫోస్టర్ కేర్ (పిల్లను కొంతకాలం ఇంట్లో పెట్టుకుని సాకడం) అని వేరే దారులు చట్టంలోనే ఉన్నాయి, దత్తత అయితే కేంద్ర దత్తత సంస్థ కారా ద్వారా, ఫోస్టర్ కేర్ అయితే సంక్షేమ సమితి ద్వారా పోవాలి. హోమ్ వాళ్లను బతిమాలితే జరిగేవి కావు.

జూన్‌లో మళ్లీ కట్టాను. ఈసారి బడి పిల్లకు 14,000తో పాటు ఇంకో 6,000 విడిగా వేసి, "18 దాటిన పిల్లల సెలవుల గది అద్దె" అని ట్రాన్స్‌ఫర్ నోట్‌లో రాశాను. అలాంటి పద్దు మా పుస్తకాల్లో లేదు, ఎక్కడ జమ చేయాలో తెలియడం లేదు అని వాళ్ల అకౌంటెంట్ ఫోన్ చేశాడు. థర్మాకోల్ అబ్బాయే. కొత్త లెడ్జర్ తెరవమన్నాను. "కమిటీ ఒప్పుకోవల్ల మేడమ్" అన్నాడు. కమిటీ మీటింగ్ దసరా సెలవుల లోపు ఉందట. మార్చి లెక్కల్లో ఆ పద్దు కనబడితే ఈ మూడున్నరను నాలుగు చేస్తాను.